బావి ఎండిందంటే సరిపోలేదు, ఎంత లోతుకు పోయిందో చెప్పమన్నారు

మా ఊరికి రెండు కిలోమీటర్ల దూరంలో ఓపెన్‌కాస్ట్, అంటే పైనుంచే గొయ్యిలా తవ్వే, బొగ్గు గని ఉంది. గోదావరి లోయ పొడవునా ఇలాంటి ఊళ్లు చాలానే ఉన్నాయి. గని విస్తరణ కోసం ప్రజాభిప్రాయ సేకరణ పెట్టినప్పుడు నేనూ మైకు పట్టుకుని "మా బావులు ఎండిపోయినయి సార్" అని గట్టిగానే అన్నాను. వేదిక మీదున్న ఒకాయన మర్యాదగానే అడిగాడు, "ఎప్పుడు ఎండింది, అంతకుముందు ఎంత లోతులో ఉండేవి నీళ్లు?" నా దగ్గర జవాబు లేదు. అప్పటిదాకా చప్పట్లు కొట్టిన మావాళ్లు కూడా నా మొహమే చూశారు.

ఇంటికొచ్చి బాపును అడిగితే "మునుపు సగం తాడుకే బొక్కెన మునిగేది" అన్నాడు. మా ఇంట్లో ఉన్న రికార్డు మొత్తం అదే.

ఇంకో తప్పు కూడా నాదే. పర్యావరణ అనుమతుల మీద కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషన్ ప్రకారం సభకు కనీసం 30 రోజుల ముందే నోటీసు ఇవ్వాలి, కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో గని వల్ల పర్యావరణం మీద పడే ప్రభావం గురించిన ముసాయిదా నివేదిక, తెలుగులో దాని సారాంశం చూసుకోవచ్చు. నేను సభ అయ్యాక వెళ్లి చదివాను.

సరే, కొలవడం మొదలుపెట్టా. బావి గట్టు మీద ఒకచోట ఎర్ర పెయింట్‌తో గీత గీసి, ప్రతిసారీ అక్కడి నుంచే తాడుకు రాయి కట్టి దింపి, తడిసిన చోటు దాకా టేపుతో చూసి నోట్‌బుక్‌లో రాసేవాణ్ణి. మొదటి నెల లెక్కలన్నీ దండగే, ఎందుకంటే మోటారు నడిచాక కొలిచాను, నీళ్లు తోడేశాక మట్టం కిందికి దిగే ఉంటుంది కదా. రాత్రంతా ఆపి, తెల్లారి ఎవరూ స్విచ్ వేయకముందే కొలవాలి. బోర్లలోనైతే తాడు పైపుకు చుట్టుకుని అరపూట అక్కడే పోయింది. మోటారు మెకానిక్ నవ్వి, రెండు వైర్ల కొసలు ఒలిచి బరువు కట్టి, పైన మల్టీమీటర్‌కు కలిపి ఇచ్చాడు. నీళ్లు తగలగానే ముల్లు కదులుతుంది.

ఇంకోవైపు పది రూపాయల ఫీజు కట్టి, గని చుట్టూ ఉన్న పీజోమీటర్ల, అంటే నీటిమట్టం చూడటానికి దింపిన గొట్టాల, లెక్కలు సమాచార హక్కు కింద అడిగాను. 30 రోజుల్లో రావాల్సినవి ఒక అప్పీలు వేశాక వచ్చాయి. మా ఊరివైపు గొట్టంలో మట్టం బాగా పడిపోయింది. దొరికింది సాక్ష్యం అనుకున్నా.

తెలిసిన భూగర్భ జలాల ఇంజినీరు ఒకాయన ఆ కాగితం చూసి గాలి తీసేశాడు. మా నేల కింద ఉన్నది ఒక్క నీటి సంచి కాదట. పైన మెత్తబడిన పొర, మన పాత బావుల ఊట అక్కడిది. దాని కింద బంకమట్టి, షేలు (మట్టి గట్టిపడి అయిన రాయి) పొరలు, ఆ అడుగున బొగ్గు పొరల మధ్య ఇసుకరాయిలో ఒత్తిడితో ఉన్న నీళ్లు. గొయ్యి తవ్వి పొడిగా ఉంచాలంటే రాత్రీపగలూ నీళ్లు తోడాల్సిందే, ఆ లాగుడు అడుగు పొరలో దూరం పాకుతుంది, పైపొరలో అంత దూరం పోకపోవచ్చు. "నీ గొట్టం అడుగు పొరది, నీ బావి పై పొరది. రెండూ ఎట్ల కలుపుతవ్?" అన్నాడు. నిజానికి ఆ లెక్కలు బావితో కాదు, ఊళ్లో లోతుగా వేసిన బోర్లతో సరిపోయాయి. బావి మట్టం పడిపోవడంలో పక్కపక్కనే మేమే వేసుకున్న బోర్ల వాటా ఎంతో ఎవరూ లెక్కపెట్టలేదు. ఆ మాట ఊళ్లో చెబితే నన్ను గనివాళ్ల మనిషి అన్నారు!

తమాషా ఏంటంటే, గనిలోంచి తోడిన నీళ్లు వాగులోకే వస్తాయి. దిగువనున్న మా బావ వాళ్ల ఊళ్లో ఎండాకాలంలోనూ బావులు నిండుగా ఉంటాయి. వాళ్లకు ఫిర్యాదే లేదు.

ఈసారి రాసిన దరఖాస్తులో "ఎండిపోయాయి" అన్న మాట వాడలేదు. పద్నాలుగు నెలల పట్టిక పెట్టి, మా వైపు పైపొరకు ఒకటి, అడుగు పొరకు ఒకటి విడివిడిగా గొట్టాలు దింపమని అడిగాను. కొలవడానికి మనుషులు వచ్చారు. నా ఎర్ర గీత దగ్గరి నుంచే వాళ్ల టేపు దించారు. నా లెక్కకూ వాళ్ల లెక్కకూ రెండు వేళ్ల తేడా.

గొట్టాలు ఇంకా దిగలేదు. బాపు మాత్రం రోజూ తెల్లారి స్విచ్ వేయకముందు వచ్చి "లేరా, నీ లెక్క చూసుకో, మడికి నీళ్లు పెట్టాలె" అని తిట్టి మరీ లేపుతున్నాడు.