అల్యూమినియం ల్యాప్‌టాప్ మీద గీత: మరకా, గాయమా?

ల్యాప్‌టాప్ మూత మీద గీత కనబడగానే పాలిష్ కోసం వెతక్కండి. ముందు అది నిజంగా గీతేనా అన్నది తేల్చుకోవాలి. ఈ అల్యూమినియం పైన అనోడైజింగ్ పొర, అంటే కరెంటు సాయంతో ఆ లోహం మీదే పెంచిన ఆక్సైడ్ పొర ఉంటుంది. మందం కొన్ని మైక్రాన్లే అయినా మామూలు లోహాల కన్నా చాలా గట్టిది. అందుకే తాళంచెవి, జిప్పు లాంటివి రాసుకుంటే చాలాసార్లు పొర తెగదు, వాటి లోహమే దీనికి అంటుకుంటుంది.

మెషీన్ ఆపి, ఛార్జర్ తీసి, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మైక్రోఫైబర్ గుడ్డను కాస్త తడిపి తుడవండి. మెషీన్ మీద నేరుగా స్ప్రే చేయొద్దు. పోకపోతే పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దండి. అప్పటికీ వెండిలా మెరుస్తుంటే పొర తెగినట్టే, ఇక అది పోదు. ముదురు రంగు మెషీన్ల మీద మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రంగు పెన్నుతో కప్పడమే మార్గం.

టూత్‌పేస్ట్, మ్యాజిక్ స్పాంజ్ (మరకలు రుద్ది తీసే తెల్లటి మెలమైన్ స్పాంజ్) చిట్కాలు నమ్మకండి. రెండూ గరుకు పదార్థాలే. మెరుపు లేని మ్యాట్ ఫినిష్‌ను అరగదీసి నున్నటి మచ్చ మిగులుస్తాయి, అది గీతకన్నా వికారం. బ్లీచ్, వంటసోడా పేస్ట్ కూడా వద్దు. క్షారం ఆ పొరను తినేస్తుంది.

అరచేతులు ఆనే చోట తెల్లటి చుక్కలు, చిన్న గుంటలు పడితే కారణం చెమటలోని ఉప్పు. పొర పలచబడ్డ అంచుల్లో ఆ ఉప్పులోని క్లోరైడ్ లోపలికి దిగి లోహాన్ని తొలుస్తుంది. పడ్డ గుంట పూడదు. పని అయ్యాక ఆ చోటును తడిగుడ్డతో, వెంటనే పొడిగుడ్డతో తుడిస్తే కొత్తవి తగ్గుతాయి.