సాల్ట్‌లేక్‌లో డెర్బీ సాయంత్రం

కోల్‌కతా సియాల్దాలో మెట్రో ఎక్కేసరికే మ్యాచ్ మొదలైపోయినట్టుంది. పెట్టెలో ఒక గుంపు ఎరుపు-పసుపు జెర్సీలు, ఒక గుంపు ఆకుపచ్చ-మెరూన్. ఒకళ్ల మీద ఒకళ్లు పాటలు కట్టి పాడుకుంటూనే, ముసలాయన ఎక్కితే రెండు గుంపులూ జరిగి చోటిచ్చాయి. 2025 ఆగస్టు 17, డ్యూరాండ్ కప్ ఫుట్‌బాల్ క్వార్టర్‌ఫైనల్, ఎరుపు-పసుపు ఈస్ట్ బెంగాల్‌కీ ఆకుపచ్చ-మెరూన్ మోహన్ బగాన్‌కీ. ఒకే ఊరి ఈ రెండు క్లబ్బుల పోరునే డెర్బీ అంటారు.

నగరం నడిబొడ్డున ఉన్న మైదాన్‌లో రెండు క్లబ్బులకూ విడివిడిగా గ్రౌండ్లున్నాయి. డెర్బీ జనానికి అవి ఏ మూలకి? అందుకే పెద్ద మ్యాచ్ అంటే సాల్ట్‌లేక్ స్టేడియమే. 1997లో ఈ రెండు జట్ల ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కి ఇక్కడికి 1,31,781 మంది వచ్చారు. ఈస్ట్ బెంగాల్ తరఫున భైచుంగ్ భూటియా హ్యాట్రిక్ కొట్టింది ఆ రోజే. తర్వాత కుర్చీలు వేసి బాగుచేశాక ఇప్పుడు సుమారు 68 వేల మందికే చోటు. ఇద్దరికీ ఇది సొంతిల్లే. కాబట్టి డెర్బీ రోజు అతిథి జట్టంటూ ఎవరూ ఉండరు, స్టాండ్లను పంచుకోవడమే.

ఆ పంపకం గేటు దగ్గర కళ్లారా చూశాను. తండ్రి మెడలో ఆకుపచ్చ స్కార్ఫ్, కూతురి బుగ్గల మీద ఎరుపు-పసుపు గీతలు. ఆమె టిఫిన్ డబ్బా ఆయనకిచ్చేసి, నవ్వుతూ అవతలి గేటు వైపు పరుగెత్తింది.

నేనెటు? పశ్చిమ బెంగాల్ పాతకాపులు ఘోటీలు, వాళ్ల జట్టు మోహన్ బగాన్, వాళ్ల గుర్తు రొయ్య. తూర్పు బెంగాల్, అంటే ఇప్పటి బంగ్లాదేశ్ నుంచి వచ్చినవాళ్లు బాంగాల్‌లు, వాళ్లది ఈస్ట్ బెంగాల్, వాళ్ల చేప ఇలిశ. ఇప్పుడీ గీత అంత గట్టిగా లేదు గానీ, చేపల లెక్క మాత్రం చెరగలేదు. ఇలిశ అంటే మన పులసే కదా! పుస్తెలమ్మైనా పులస తినమనే గోదావరి వాణ్ని, ఇంకెటు కూర్చుంటాను?

పక్క సీటు పెద్దాయన హిందీలో ఏ ఊరని అడిగారు. ఆంధ్రా అన్నాను. "అంటే హబీబ్ మీవాడేనా!" అని భుజం తట్టారు. అలనాటి ఫుట్‌బాలర్ మహమ్మద్ హబీబ్‌ది హైదరాబాద్ అని సరిదిద్దబుద్ధి కాలేదు. రెండు క్లబ్బులకూ ఆడాడు, 1977లో పెలే జట్టు కాస్మోస్ మీద ఆడింది మోహన్ బగాన్ తరఫున. అయినా ఈయన దృష్టిలో ఆయన ఈస్ట్ బెంగాల్ మనిషే.

దియమంతకోస్ పెనాల్టీ కొట్టగానే మా స్టాండ్ మొత్తం లేచింది. నా మరమరాల పొట్లం ఎటు ఎగిరిందో తెలీదు, ఆవనూనె మాత్రం చొక్కా మీద మిగిలింది. రెండో గోలూ అతనిదే. తర్వాత థాపా ఒకటి తిరిగి కొట్టేసరికి ఎదుటి స్టాండ్ హోరెత్తింది, ఇటు టెన్షన్. పెద్దాయన అక్కణ్నుంచి ఆట చూడలేదు, గడియారమే చూశారు. చివరికి 2-1.

ఈ పిచ్చి ప్రాణాలూ తీసింది. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్ డెర్బీలో 16 మంది పోయారు. కానీ 2024 ఆగస్టులో, ఆర్జీ కర్ ఆసుపత్రి డాక్టర్ హత్య మీద నిరసనలు చెలరేగి డెర్బీ రద్దయినప్పుడు, రెండు జట్ల అభిమానులూ ఇదే స్టేడియం బయట కలిసి నినాదాలిచ్చారు. ఆ మాటెత్తితే పెద్దాయన, "ఆ ఒక్కరోజు సరే, ఇవాళ కాదు" అన్నారు.

మర్నాడు గరియాహాట్ మార్కెట్లో ఇలిశ ధర అడిగితే గుండె గుభేలుమంది. బేరమాడబోయాను. చేపలబ్బాయి కత్తి ఆపకుండానే అడిగాడు: "నిన్న మ్యాచ్ చూడలేదా దాదా?"