సిగరెట్ మానేసినవాళ్లకి డబ్బులిస్తే తప్పేంటి?

సిగరెట్ మానేస్తే డబ్బులిస్తామనే పథకం గురించి ఎత్తితే చాలు, చాలామందికి ఒళ్లు మండుతుంది, "చెడు అలవాటుకి మళ్లీ బహుమతి కూడానా?" అంటారు. నాకైతే అందులో తప్పేమీ కనిపించదు. అద్దె ఎలా కట్టాలి, రేపు పని దొరుకుతుందా అనే టెన్షన్‌లో బతికే మనిషికి ఆ సిగరెట్టే కాసేపు ఊరటలా అనిపిస్తుంది, మానేసిన మొదటి రెండు మూడు రోజుల్లో చిరాకు, నిద్రలేమి, దేనిమీదా మనసు నిలవకపోవడం, ఇవన్నీ ఒక్కసారే మీద పడతాయి, ఒంటికి జరిగే మేలు మాత్రం ఎప్పటికో గానీ కంటికి కనిపించదు.

డబ్బు చేతికందితే ఆ లాభం ఇవాళే కనిపిస్తుంది.

జెనీవాలో ఆదాయం తక్కువున్న 805 మందితో ఒక ప్రయోగం చేశారు, ఫలితాలు 2016లో వచ్చాయి. అందరికీ సిగరెట్ మానడానికి సాయపడే పుస్తకాలు, వెబ్‌సైట్ ఇచ్చారు, సగం మందికి మాత్రం అదనంగా గిఫ్ట్ కార్డులు, అవీ ఊరికే మాట నమ్మి ఇచ్చేయలేదు, ఊపిరిలో పొగతో చేరే కార్బన్ మోనాక్సైడ్, లాలాజలంలో కొటినిన్ (నికోటిన్ ఒంట్లోకి వెళ్లాక మారే పదార్థం) ఉన్నాయేమో పరీక్షించి మరీ ఇచ్చారు. ఆరు నెలలకి డబ్బులు ఆపేశారు. ఆరో నెల నుంచి పద్దెనిమిదో నెల దాకా ముట్టకుండా ఉన్నవాళ్లు డబ్బులిచ్చిన వైపు 9.5 శాతం, ఇవ్వనివైపు 3.7.

తక్కువేగా అంటారేమో, నిజమే, చాలామంది మళ్లీ మొదలుపెట్టారు. అందుకే డబ్బుతో పాటు ఒంటికి అంటించుకునే నికోటిన్ ప్యాచ్‌లు, కష్టం చెప్పుకోవడానికి ఓ కౌన్సెలర్ కూడా ఉచితంగా దొరకాలి, మళ్లీ కాల్చినవాళ్ల పేరు కొట్టేయకుండా ఇంకోసారి రానివ్వాలి.