దువోమోన్: ఎముకలు ముందు కలిశాయి, పేర్లు తర్వాత

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి, జర్మన్ సేనలు తలపడ్డ వెర్డున్ యుద్ధభూమిని, అందులోని దువోమోన్‌ను చూడాలంటే పారిస్ ఎస్ట్ స్టేషన్‌లో టీజీవీ (ఫ్రాన్స్ హైస్పీడ్ రైలు) ఎక్కాలి. ఎక్కితే సుమారు గంటలో మ్యూజ్ టీజీవీ స్టేషన్ వస్తుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు. అది పొలాల మధ్య స్టేషన్, వెర్డున్ ఊరు ఇంకా 20 కిలోమీటర్ల పైనే ఉంటుంది. బస్సు రైలు వేళల్ని బట్టి నడుస్తుంది, అది తప్పితే టాక్సీయే గతి. యుద్ధభూమి ఊరి నుంచి ఇంకో ఎనిమిది కిలోమీటర్ల ఎగువన ఉంది. సైకిల్ మీద వెళ్ళొచ్చు గాని, అంతా ఎక్కుడే.

పైకి వెళ్ళాక అడవిలో నేల గుంటలు గుంటలుగా కనిపిస్తుంది. అవన్నీ 1916లో ఫిబ్రవరి 21 నుంచి డిసెంబర్ 18 దాకా పడ్డ ఫిరంగి గుండ్ల గుర్తులు. సేద్యానికి పనికిరాదని చాలా నేలను యుద్ధం తర్వాత అడవికి వదిలేశారు. పేలని గుండ్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. అందుకే బాట దిగకూడదు, తుప్పు పట్టిన ఇనుము ఏది కనిపించినా ముట్టుకోకూడదు.

దువోమోన్ అస్థిశాలను, అంటే సైనికుల ఎముకలు భద్రపరిచిన స్మారక కట్టడాన్ని, ముందు ద్వారం నుంచి కాక వెనకవైపు నుంచి చూడటం మొదలుపెట్టాలని నా సలహా. గోడ కింది భాగంలో చిన్న కిటికీలుంటాయి. వాటిలోంచి వంగి చూస్తే పుర్రెలు, తొడ ఎముకలు గుట్టలుగా కనిపిస్తాయి. గుర్తు తెలియని కనీసం 1,30,000 మంది సైనికుల అవశేషాలవి. ఎవరు ఫ్రెంచివారో, ఎవరు జర్మన్లో విడదీసే దారి లేకపోయింది. అందుకని దేశాన్ని బట్టి కాక, దొరికిన చోటును బట్టి, ఏ ప్రాంతపు ఎముకలను ఆ గదిలో చేర్చారు. ఇది చూసి లోపలికి వెళ్తే తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. 1932లో ప్రారంభించిన ఈ కట్టడంలో రాళ్ళ మీద చెక్కిన పేర్లు చాలాకాలం ఫ్రెంచివారివే. మొదటి జర్మన్ సైనికుడి పేరు 2014లో గాని చేరలేదు. అంటే ఎముకలకు చోటు దొరికాక పేరుకు దొరకడానికి 82 ఏళ్ళు పట్టింది!

ఫ్రాన్స్ అధ్యక్షుడు మిత్తెరాన్, పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ కోల్ చేతులు పట్టుకుని నిలబడ్డ ప్రసిద్ధ ఫొటో 1984 సెప్టెంబర్ 22న, ఈ కట్టడం ముందే తీసింది. కోల్ తండ్రి వెర్డున్‌లో పోరాడినవాడు. మిత్తెరాన్ 1940లో ఇదే ప్రాంతంలో గాయపడి జర్మన్లకు చిక్కినవాడు. ఆ ఇద్దరూ చేతులు కలిపిన ఘట్టానికి గుర్తుగా నేలలో ఒక ఫలకం ఉంది. తల వంచి నడిస్తేనే కనబడుతుంది, చాలామంది దాటిపోతారు. ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీల మధ్య స్నేహ ఒప్పందమైన ఎలిజే ఒప్పందం కుదిరి అప్పటికే 21 ఏళ్ళు. 1963లో ఆ ఒప్పందం వెంటే ఇరుదేశాల యువజన కార్యాలయం పుట్టి, పిల్లల్ని అటూ ఇటూ పంపసాగింది. ఆ ఫొటో వెనక ఇంత పని ఉంది.

దువోమోన్ కోటలోకి వెళ్ళేటప్పుడు స్వెటర్ ఉండాలి, ఎండాకాలంలోనూ లోపల చలే. 1916 ఫిబ్రవరి 25న జర్మన్లు పట్టుకున్న ఈ కోటను అక్టోబర్ 24న ఫ్రెంచి సేన తిరిగి తీసుకుంది. మధ్యలో మే 8న లోపల పేలుడు జరిగి వందలమంది జర్మన్లు చనిపోయారు. బయట పాతిపెట్టే వీలు లేక శవాలను లోపలే ఉంచి గోడ కట్టేశారు. ఆ గోడ ముందు జర్మన్ల స్మారకం ఉంది. కోట పైన ఎగిరేది మాత్రం మూడు జెండాలు: ఫ్రాన్స్‌ది, జర్మనీది, యూరప్‌ది.

యుద్ధంలో నేలమట్టమైన ఫ్లూరీ గ్రామం ఇప్పుడు లేదు. మనుషులు లేకున్నా మేయర్ మాత్రం ఉన్నారు. ఆ ఊరి రైల్వే స్టేషన్ ఉన్నచోట 1967లో మ్యూజియం తెరిచారు. 2016లో దాన్ని మార్చి, ఇరుపక్షాల సైనికుల అనుభవాన్ని పక్కపక్కన చూపించారు. దీనికి కనీసం రెండు గంటలు పెట్టుకోవాలి.

కారుంటే కాంసెన్వాలోని జర్మన్ శ్మశానం వదలొద్దు. అక్కడ 11,000 మందికి పైగా ఉన్నారు. 1984లో ఆ ఇద్దరు నేతలు ముందు అక్కడికి వెళ్ళాకే దువోమోన్‌కు వచ్చారు. ఫొటోలో అది కనిపించదు గాని, ఆ వరుసలోనే తిరిగితే బాగుంటుంది.