మా షెడ్డులో మనవాళ్లెంతమంది

"ఎల్లా నిమ్మోరే ఆగ్బిట్రల్లప్పా" అన్నాడు స్టోర్స్ చూసే అణ్ణ, కొత్తగా చేరిన కుర్రాళ్లకు గ్లౌజులు ఇస్తూ. అంతా మీవాళ్లే అయిపోయారు గదయ్యా అని. నవ్వుతూనే అన్నాడు గానీ అది నవ్వులాటకు అన్న మాట కాదు. వాళ్లబ్బాయి తుమకూరులో డిప్లొమా చేసి ఇంట్లో ఖాళీగా ఉన్నాడు. ఖాళీల సంగతి తనకంటే ముందు హిందూపురానికి తెలిసిందని ఆయన కోపం.

గేటు దగ్గర బోర్డు మీద రాసే పెట్టాం. కాకపోతే బెంగళూరు పీణ్యా పారిశ్రామికవాడలోని చిన్న షెడ్లలో బోర్డు చూసి పనిలో చేరినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. మెషిన్‌కు మనిషి కావాలంటే ఓనరు సూపర్‌వైజర్ మొహం చూస్తాడు, సూపర్‌వైజర్ ఫోన్ తీస్తాడు. మా షెడ్డులో ఆ సూపర్‌వైజర్ని నేనే. నా ఫోన్లో ఉన్న నంబర్లు హిందూపురం, మడకశిర, పెనుకొండ వాళ్లవి. ఐటీఐ చేసి ఉంటారు, ఓవర్‌టైమ్ అంటే మొహం చిట్లించరు, రూము దొరికేదాకా రోజూ రైల్లో వచ్చిపోతారు. ముక్కూమొహం తెలియనివాణ్ణి పెట్టుకుంటే, వాడు టూల్ విరగ్గొట్టినా జీతం పడగానే మాయమైనా తిట్లు తినేది నేను. అణ్ణ నా కుర్చీలో ఉంటే తుమకూరుకే ఫోన్ చేసేవాడు కదా? మరి నన్ను మాత్రమే ఎందుకనాలి?

ఇంతకూ ఆయన వేలు పెట్టి చూపించిన 'మీవాళ్లు' ఎవరు? ఒకడిది రొళ్ళ. ఆధార్‌లో ఆంధ్రప్రదేశ్, ఇంట్లో కన్నడం, చదివింది కూడా కన్నడ మీడియమే. ఇంకొకడిది బాగేపల్లి. వాళ్ల తాతల నుంచీ తెలుగే, ఉండేది మాత్రం కర్ణాటకలో. అణ్ణ ఇద్దర్నీ నా ఖాతాలోనే వేశాడు. మొదటివాడు ఊరును బట్టి నావాడు, రెండోవాడు మాటను బట్టి నావాడు. ఏదో ఒకటి పట్టుకుని లెక్కపెడితే బాగుండేది.

సర్కారు లెక్కలు చూద్దామా అంటే అక్కడా ఇదే తంతు. 2011 జనాభా లెక్కల ప్రకారం బెంగళూరు అర్బన్ జిల్లాలో కన్నడం మాతృభాషగా ఉన్నవాళ్లు సగానికి తక్కువే. తెలుగు, తమిళం, ఉర్దూ మాట్లాడేవాళ్లు లక్షల్లో ఉన్నారు. మరి వాళ్లలో ఎందరికి పని ఉంది, ఎందరికి లేదు? కేంద్రం చేసే శ్రామిక సర్వేలో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ అని ఉంటుంది, మతం ఉంటుంది, ఆడ మగ ఉంటుంది. మాతృభాష ఉండదు. అంచేత తెలుగోళ్లు ఉద్యోగాలన్నీ ఎత్తుకుపోతున్నారు అని ఆయన అన్నా, మేం లేకపోతే మీ మెషిన్లు ఆగిపోతాయి అని నేనన్నా, ఇద్దరిదీ నోటి లెక్కే.

ఈ గొడవ కొత్తదేం కాదు. కన్నడిగులకు ఉద్యోగాల మీద సరోజినీ మహిషి కమిటీ 1980ల్లోనే నివేదిక ఇచ్చింది. 2024 జూలైలో కర్ణాటక మంత్రివర్గం ప్రైవేటు కంపెనీల్లో మేనేజ్‌మెంట్ పోస్టుల్లో 50 శాతం, మిగతా వాటిలో 70 శాతం స్థానికులకే అని బిల్లు ఒప్పుకుంది. పెద్ద కంపెనీల వాళ్లు గోల చేయగానే పక్కన పెట్టింది. అందులో స్థానికుడంటే కర్ణాటకలో పుట్టాలి, 15 ఏళ్లు ఇక్కడే ఉండాలి, కన్నడం చదవడం రాయడం రావాలి. ఆ లెక్కన బాగేపల్లివాడు స్థానికుడు, రొళ్ళవాడు కాడు. నేనూ కాను, ఇక్కడే పుట్టిన మా పాప ఎప్పటికైనా అవుతుంది.

అదే వారం మన ఆంధ్రప్రదేశ్ ఐటీ మంత్రి, విశాఖకు వచ్చేయండి అని ఇక్కడి కంపెనీలను పిలిచాడు. చదివి మా రూముల్లో అందరం గర్వపడ్డాం. 2019లో మన అసెంబ్లీయే పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని చట్టం చేసిన సంగతి ఆ పూట ఎవరూ ఎత్తలేదు. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చినప్పుడు, భూములు మావి, ఉద్యోగాలు తమిళనాడు వాళ్లకా అని టీ కొట్టు దగ్గర మా బాబాయి అరిచిన అరుపులు నాకింకా గుర్తే. అక్కడిదాకా ఎందుకు, ముల్కీ అని, అంటే స్థానికులకే ఉద్యోగాలన్న పాత నిబంధన మీద, 1969లోనూ 1972లోనూ కొట్టుకున్నది తెలుగువాళ్లూ తెలుగువాళ్లే. హర్యానా కూడా 75 శాతం చట్టం చేస్తే 2023 నవంబరులో హైకోర్టు కొట్టేసింది. రాజ్యాంగం ఒప్పుకోదని తీర్పు. తుమకూరులో ఖాళీగా కూర్చున్న కుర్రాడికి ఆ తీర్పు చూపించి ఏం చెప్పను?

ఇవన్నీ అణ్ణతో అనలేదు. అన్నా వినడు. నేను ఊళ్లో ఉండి, ఎవడో కన్నడ సూపర్‌వైజర్ తనవాళ్లను తెచ్చి నింపితే నేనూ వినను. ఎటొచ్చీ ఆయనకు తెలియంది ఒకటుంది. ఈ కుర్రాళ్ల తర్వాత వచ్చిన ఖాళీలకు ఓనరు నా మొహం కూడా చూడలేదు. మనుషుల్ని పంపడానికి ఒక కాంట్రాక్టరును మాట్లాడుకున్నాడు. వచ్చే నెల నుంచి ఒడిశా, బీహార్ కుర్రాళ్లు దిగుతున్నారు. పీఎఫ్ కాంట్రాక్టరు పేరు మీద, ఉండటం షెడ్డు పైన రేకుల గదిలో. డిప్లొమా అబ్బాయి బయోడేటా నేను తీసుకెళ్లి ఇస్తే, కాంట్రాక్టరు దగ్గర ఇచ్చుకోమన్నాడు ఓనరు.