మూడోసారి అదే పొజిషన్, అయినా డ్రా రాలేదు

ఒళ్లు మండుతుండగానే రాసేస్తున్నాను. విజయనగరంలో చెస్ రేటింగ్ టోర్నమెంటు. రిజిస్ట్రేషన్, ఎంట్రీ ఫీజు ఆన్‌లైన్లో అయిపోయాయి. ఒక్కొక్కరికి 90 నిమిషాలు, ఎత్తుకి 30 సెకన్లు అదనం. ఈ పద్ధతిలో గడియారంలో ఎంత తక్కువున్నా ప్రతి ఎత్తూ షీటులో రాయాల్సిందే.

నావి నల్లపావులు, అవతల పదో తరగతి కుర్రాడు. డీ4 డీ5, సీ4 ఈ6 (బంట్లు వెళ్లిన గడుల పేర్లివి): క్వీన్స్ గాంబిట్ డిక్లైన్డ్ అనే ఓపెనింగు, అంటే ఆట మొదలుపెట్టే తీరు. 1927 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కాపాబ్లాంకా, అలెఖిన్ ఆడిన 34 ఆటల్లో 32 ఇదే. కుర్రాడు డీ5 దగ్గర బంట్లు మార్చేసి, ఏ, బీ బంట్లని తోసుకొచ్చాడు. బీ4 పడగానే నా గుర్రం డీ6 మీదుగా సీ4కి బయల్దేరాల్సింది. బద్ధకించాను. బీ5లో మార్పిళ్లయ్యాక సీ6 బంటు వెనకబడిపోయింది, దాన్ని కాయడానికి ఇంకో బంటు లేదు.

చివరికి ఏనుగులే మిగిలాయి. తనది ఏ6, బీ6. నాది సీ7, సీ8. అటూ ఇటూ, అటూ ఇటూ. నా ఏనుగు సీ7కి వస్తే అదే పొజిషన్ మూడోసారి, అలా వస్తే డ్రా అడగొచ్చు. ఏనుగు జరిపాను, గడియారం నొక్కాను, చెయ్యెత్తాను.

"అంకుల్, ఇప్పుడు టర్న్ నాది కదా" అన్నాడు.

ఆర్బిటర్ (ఆటకి రిఫరీ) వచ్చి, పక్క బల్లల పిల్లలంతా వినేలా, "రూల్సు చదవకుండా వచ్చేస్తే ఎలాగండీ?" అన్నారు. చెల్లదన్నారు. అంతే, ఎందుకో చెప్పలేదు.

తర్వాత చదివితే తెలిసింది. డ్రా ఇస్తావా అని అడగాలంటే ఎత్తు వేశాక, గడియారం నొక్కకముందు. డ్రా క్లెయిమ్ చెయ్యాలంటే సరిగ్గా తిరగేసి: పావు ముట్టుకోకూడదు. వేయబోయే ఎత్తు షీటులో రాసి, గడియారం ఆపి, ఆర్బిటర్ని పిలిచి "ఇది వేస్తే మూడోసారి" అనాలి. అవతలివాడి ఎత్తుతోనే మూడోసారి వచ్చేస్తే రాయక్కర్లేదు, పిలిస్తే చాలు. ముట్టుకుంటే ఆ ఎత్తుకి హక్కు పోయినట్టే. మూడూ వరసగా రానక్కర్లేదు గానీ, మూడుసార్లూ ఎత్తు ఒకరిదే అయ్యుండాలి. క్లెయిమ్ తప్పైతే ఎదుటివాడికి 2 నిమిషాలు కలుపుతారు. ఐదుసార్లు వస్తే ఎవరూ అడక్కుండానే డ్రా. అందాకా ఏ కుర్రాడు ఆగుతాడు? కోచింగుల్లో ఇరవై ఎత్తుల లైన్లు బట్టీ పట్టిస్తారు, ఈ ఒక్క ముక్కా చెప్పరు.

కుర్రాడు రాజుని నడిపించుకొచ్చి సీ6 తినేశాడు. షీట్ల మీద సంతకాలు పెట్టి, ఆమదాలవలస పాసింజరెక్కేశాను.