మా గేటు కెమెరాకు రాత్రేదో పగలేదో తెలియని పదకొండు రోజులు

నిన్న రాత్రి నా ఫోన్ ఒక్కసారి కూడా మోగలేదు. పదకొండు రోజుల తర్వాత తెల్లారేదాకా నిద్రపోయాను. ఆ ఊపులోనే రాసేస్తున్నాను. రెండు రోజులు ఆగితే కోపం చల్లారి సగం మరిచిపోతాను.

మా ఇల్లు తిరుపతిలో యూనివర్సిటీ వైపు. కెమెరాలు పెట్టించడానికి రెండు కారణాలు. ఒకటి చిరుత. 2023లో అలిపిరి నడకదారిలో చిన్నపిల్లను చిరుత లాక్కెళ్లినప్పటి నుంచి మా అమ్మ చీకటి పడ్డాక గేటు దాకా ఒంటరిగా వెళ్లదు. రెండోది బంధువులు. తిరుపతిలో సొంతిల్లు ఉందంటే అది సగం సత్రం కిందే లెక్క. దర్శనం చేసుకుని, కొండ దిగి, రాత్రి రెండు గంటలకు గుండ్లతో వచ్చి గేటు కొడతారు. గుండుతో ఉంటే సొంత బాబాయిని కూడా చీకట్లో పోల్చుకోలేం. అందుకని పోయిన వేసవిలో నాలుగు బుల్లెట్ కెమెరాలు (గొట్టంలా పొడుగ్గా ఉండేవి), వాటి బొమ్మను రికార్డు చేసే డీవీఆర్ పెట్టె ఒకటి పెట్టించాను. బిగించే పని ఒక పూటలో అయిపోయింది. ఏడు నెలలు ఏ గొడవా లేదు.

అమావాస్య రాత్రి పదిన్నరకు ఫోన్ మోగింది. గేటు దగ్గర కదలిక అని అలర్ట్. తీసి చూస్తే ఎవరూ లేరు. పక్కన పెట్టేలోపే మళ్లీ మోగింది. ఈసారి చూస్తూ కూర్చున్నాను. నలుపు తెలుపు బొమ్మ కాసేపు బాగానే ఉంటుంది. ఉన్నట్టుండి కలర్‌లోకి మారుతుంది, కలర్‌లోకి మారగానే మొత్తం చీకటి. నాలుగైదు సెకన్లకు మళ్లీ నలుపు తెలుపు. బొమ్మ మారినప్పుడల్లా డీవీఆర్ దాన్ని కదలిక అనుకుని నాకు కబురు పెడుతోంది. బయటికెళ్లి కెమెరా కింద నిలబడ్డాను. లోపల ‘టక్’ మని చప్పుడు, లెన్స్ చుట్టూ సన్నటి ఎర్ర చుక్కలు వెలిగాయి. మళ్లీ ‘టక్’, ఆరిపోయాయి. తెల్లారి లెక్కపెడితే 214 అలర్ట్‌లు. పక్కింటాయన మాత్రం మర్యాదగానే అడిగాడు, “మీ కెమెరా రాత్రంతా కన్ను కొడతా ఉండాదేంది సార్?” అని.

ఆ ‘టక్’ ఏమిటో చెప్తాను, నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదివినవాణ్ణి. మన కంటికి కనపడని పరారుణ కాంతి కెమెరా సెన్సర్‌కు కనపడుతుంది. పగలు అది కలిస్తే రంగులు పాడవుతాయి కాబట్టి సెన్సర్ ముందు గోరంత గాజు ఫిల్టర్ ఒకటి అడ్డుంటుంది. చీకటి పడగానే చిన్న విద్యుదయస్కాంతం దాన్ని పక్కకు లాగేస్తుంది. అదే ఆ చప్పుడు. అప్పుడు ఐఆర్ లైట్లు, అంటే పరారుణ లైట్లు వెలుగుతాయి, బొమ్మ నలుపు తెలుపులోకి వస్తుంది. ఆ లైట్లు మామూలుగా 850 నానోమీటర్ల తరంగదైర్ఘ్యానివి, అంటే కంటికి కనపడే ఎరుపుకు కాస్త అవతలివి, అందుకే దగ్గరికెళ్తే నిప్పు కణికల్లా కాస్త ఎర్రగా కనపడతాయి. ఇంత తెలిసినవాణ్ణి, నేనే బాగుచేయగలనని అనుకోవడంలో తప్పేముంది?

బూజుకర్రతో సాలెగూళ్లు దులిపాను, లెన్స్ మెత్తటి గుడ్డతో తుడిచాను, డీవీఆర్ ఆపి మళ్లీ వేశాను. ఫలితం లేదు. తర్వాత కరెంటు మీద అనుమానం వచ్చింది. ఐఆర్ వెలిగినప్పుడు కెమెరా ఎక్కువ కరెంటు లాగుతుంది. కేబుల్ పొడుగైనా, అడాప్టర్ నీరసపడినా వోల్టేజీ పడిపోయి కెమెరా ఆగి ఆగి పనిచేస్తుంది. మల్టీమీటర్ పెట్టి చూస్తే పగలు 12.1 వోల్టులు, రాత్రి ఐఆర్ వెలిగాక 11.7, పెద్దగా పడలేదు. అది కాదన్నమాట. సెట్టింగుల్లో ఆటో తీసేసి టైమింగ్ పెట్టాను, సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఆరు దాకా నైట్ అని. టక్ టక్ ఆగింది గానీ, ఇప్పుడు చలికాలం, ఆరుకు ముందే చీకటి పడిపోతోంది. ఆ కాసేపు గేటు దగ్గర ఏనుగు నిలబడినా కనపడదు. మబ్బు పట్టిన రోజు సంగతి ఇక చెప్పక్కర్లేదు. మళ్లీ ఆటోకే వచ్చాను.

కస్టమర్ కేర్ గురించి ఒక్క ముక్కే రాస్తాను, ఎక్కువ రాస్తే నోరు జారుతుంది. నలభై నిమిషాలు పాట వినిపించి, సీరియల్ నంబరు మూడుసార్లు చెప్పించుకుని, చివరికి “మీ ఇంటర్నెట్ ఒకసారి చెక్ చేసుకోండి సార్” అన్నారు. ఫిల్టర్ అటూ ఇటూ కొట్టుకోవడానికీ ఇంటర్నెట్‌కూ సంబంధం ఏమిటో ఆ అమ్మాయికీ తెలియదు, ఆమెకు కాగితం రాసిచ్చినవాడికీ తెలియదు.

తొమ్మిదో రోజు పొద్దున బొమ్మ చూసి గుండె జారింది. తులసికోట గులాబీ రంగులో ఉంది. వేపచెట్టు గులాబీ. మా అమ్మ కట్టుకున్న ఆకుపచ్చ చీర కూడా అదోరకం ఊదా రంగు. ఫిల్టర్ రాత్రంతా కొట్టుకుని కొట్టుకుని పక్కనే ఇరుక్కుపోయిందని అర్థమైంది. సంబరపడ్డాను కూడా. ఇక అనుమానం లేదు, కెమెరాదే తప్పు, వారంటీ ఉంది. విప్పి సంచీలో వేసుకుని స్కూటర్ మీద లీలామహల్ సర్కిల్ మీదుగా కొన్న షాపుకు పోయాను.

అక్కడ జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. షాపులో ఏడెనిమిది మంది ఉన్నారు. నేను గొంతు పెంచి, ఫిల్టర్ గురించి, నానోమీటర్ల గురించి అందరికీ వినపడేలా చెప్పి, “ఇట్లాంటి సరుకు అమ్మి జనాన్ని ముంచుతారా?” అన్నాను. ఓనరు పలకలేదు. కుర్రాడికి సైగ చేశాడు. ఆ కుర్రాడికి ఇరవై ఏళ్లు ఉంటాయేమో, చెవిలో ఇయర్‌ఫోన్ కూడా తీయలేదు. కెమెరాను టెస్టింగ్ టీవీకి తగిలించాడు. బొమ్మ వచ్చింది. రంగులు శుభ్రంగా ఉన్నాయి, నా ఎర్రబడిన ముఖంతో సహా. స్కూటర్ గుంతల్లో ఎగిరిన ఎగురుళ్లకు ఇరుక్కున్న ఫిల్టర్ ఊడి వచ్చినట్టుంది. వాడు అరచేయి అడ్డం పెట్టాడు. టక్, నలుపు తెలుపు. చేయి తీశాడు. కాసేపటికి టక్, కలర్. పదిసార్లు చేసి చూపించాడు, పదిసార్లూ సరిగ్గా మారింది.

“బాగనే ఉండాది కదా సామీ,” అన్నాడు ఓనరు. నేను ఇంట్లో అట్లా లేదన్నాను. “అయితే ఇంట్లోనే ఏదో ఉండాది. కెమెరా ముందర ఏముంది?”

“ఏమీ లేదు.”

“దగ్గర్లో తెల్లగోడ, సజ్జ, రేకు, ఆకులు? లైటు దేనికో తగిలి వెనక్కి కొడతా ఉంటాది. అది చూసి తెల్లారిందనుకుంటాది కెమెరా. లైటు ఆర్పేస్తాది. ఆర్పితే చీకటి. మళ్లా వెలిగిస్తాది.”

నాకు తెలిసిన సంగతే, తట్టలేదంతే. ఆ మాట చెప్పుకునే పరిస్థితి అక్కడ లేదు. “నాలుగు అడుగుల దాకా ఏమీ లేదు, నేను చూడనా?” అని మొండికేశాను. పక్కన హార్డ్ డిస్క్ కొనడానికి వచ్చిన ఒకాయన తన కొడుకుతో, “చూస్తివా, చదువుకున్నోళ్లతో ఇదే తంటా,” అన్నాడు, మెల్లగా అన్నాననుకుని. చివర్లో ఓనరు చెకింగ్ చార్జీ అని 250 రూపాయలు బిల్లు రాశాడు. వారంటీ వస్తువును అరచేత్తో చెక్ చేసినందుకు. కట్టాను. కట్టక ఏం చేస్తాను?

ఆ రాత్రి కెమెరా తిరిగి బిగించాను. ఎనిమిదికల్లా టక్ టక్ మొదలు. స్టూలు వేసుకుని, ఫోన్ సెల్ఫీ కెమెరా తెరిచి పైకెక్కాను. ఈ చిట్కా మాత్రం గుర్తుపెట్టుకోండి, చాలా ఫోన్లలో సెల్ఫీ కెమెరాకు మన కంటికి కనపడని ఐఆర్ వెలుతురు కనపడుతుంది. లెన్స్ చుట్టూ ఊదారంగు చుక్కలు తెరమీద వెలిగాయి. వాటి పక్కనే, జానెడు దూరంలో, ట్యూబ్‌లైటు వెలిగించినట్టు తెల్లగా, గుండ్రంగా, చిన్నగా ఊగుతూ ఒకటి.

దిష్టి గుమ్మడికాయ.

బూడిద గుమ్మడికాయ, అదీ ఆరేడు కిలోలది. ఫ్రేములో రాదు, పైఅంచుకు కాస్త బయట ఉంటుంది. రాత్రి బొమ్మలో పై మూల కనపడే తెల్లటి మసకను నేను మంచు అనుకుని తొమ్మిది రోజులుగా గుడ్డతో తుడుస్తున్నాను. ఉట్టి గాలికి ఊగినప్పుడల్లా ఐఆర్ దానికి తగిలి కెమెరా ముఖాన కొడుతోంది.

కిందికి దిగి అమ్మ మీద కేకలేశాను, ఎవరు కట్టమన్నారు దాన్ని అక్కడ అని. అమ్మ టీవీ మీంచి చూపు తిప్పలేదు. “రికార్డింగ్ ఉంది కదరా నాయనా, చూసుకో,” అంది.

చూసుకున్నాను. అమావాస్య సాయంత్రం 5 గంటల 52 నిమిషాలు. స్టూలు ఎక్కి ఉట్టి కడుతున్నది నేనే. పాత కాయ కుళ్లి వాకిట్లో నీళ్లు కారుతుంటే, ఈసారి గేటు వైపు కొక్కేనికి కడదామని చెప్పిందీ నేనేనట. అది మాత్రం రికార్డింగ్‌లో లేదు, మా కెమెరాకు మైకు లేదు కాబట్టి నేను ఒప్పుకోను.

కాయ తీసి పక్కన కడతానంటే అమ్మ వినలేదు. కట్టిన దిష్టికాయను మళ్లీ అమావాస్య దాకా ముట్టకూడదట. అందుకని కెమెరానే జరపాల్సి వచ్చింది. ఫిట్టింగ్ కుర్రాడు “వస్తా ఉన్నా సార్” అని పూటకోసారి చెప్పి రాలేదు. గోడ వెనక కెమెరాకు బొమ్మనూ కరెంటునూ మోసే 3+1 కేబుల్ చుట్ట కొంత మిగిలి ఉంటే లాగి, నిన్న మధ్యాహ్నం రెండున్నర అడుగులు పక్కకు నేనే బిగించాను. డే నైట్ సెట్టింగులో మారే ముందు ఆగే ఆలస్యం రెండు సెకన్లుంటే పది చేశాను, బండి లైటు పడినప్పుడల్లా మారకుండా. మీ కెమెరాలో ఆ ఆప్షన్ ఉంటే ముందు అది చూసుకోండి. అంతకంటే ముందు ఏం చూడాలో మీకు అర్థమయ్యే ఉంటుంది.

సాయంత్రం చీకటి పడగానే ఒక్క టక్. పొద్దున ఆరుంబావుకు ఇంకో టక్. షాపు ఓనరుకు ఫోన్ చేసి చెప్పాలా వద్దా అని ఆలోచించాను, 250 రూపాయలు గుర్తొచ్చి మానేశాను. అమ్మ మాత్రం వచ్చే అమావాస్యకు ఇంకాస్త పెద్ద కాయ తెమ్మంది. ఇంట్లో ఇన్ని రోజులు చికాకులంటే దిష్టి గట్టిగానే తగిలిందట.